ఊపిరికి కాపలా

“తుమ్ము అనేది వ్యక్తిగత వ్యవహారం కాదు. ఈ ఇంటి మేరకు అది నేరం.”

ఈ మహాశాసనాన్ని వెలువరించి, సూపరింటెండెంటు గారు గుమ్మానికి అడ్డంగా చెయ్యి చాపారు. పదవీ విరమణనాడు ఆఫీసు ఆయన్ను వదిలింది గాని, ఆయన ఆఫీసును వదలలేదు. గుమ్మం అవతల, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డ నేరస్థుడు స్వయానా ఆయన బావమరిది.

“జలుబే కదా బావా! అక్కను చూసి పోదామని వచ్చా.”

“అక్కణ్ణుంచే చూడు. కళ్ళు బాగానే ఉన్నాయిగా?”

“పడిశం పట్టినవాణ్ణి వెలేస్తారా ఎక్కడైనా?”

“నీకైతే పడిశం. మీ అక్కకు అదే నిమోనియా.” ఆయన గొంతు సవరించుకున్నారు. ఒకప్పుడు గుమస్తాలను గడగడలాడించిన ఆ గొంతు, ఈమధ్య దగ్గు అనే మంగళాచరణం లేనిదే వాక్యం ప్రారంభించడం లేదు. “డాక్టరమ్మ చెప్పిందిట. ఊపిరితిత్తుల్లో కొన్ని కణాలు ముసలివైపోతాయి. చావవు, పని చెయ్యవు. కూర్చున్నచోటే కూర్చుని చుట్టుపక్కలవాటి మీద విషం కక్కుతుంటాయి. దాంతో లోపల ఎప్పుడూ వాపే. ఆ గొడవతోనే కాపలా కణాలు డస్సిపోతాయి. ఇహ బయటినుంచి చిన్న క్రిమి వచ్చినా అడిగే నాథుడుండడు.”

“అచ్చం మీ పాత సెక్షనే బావా!”

“నవ్వు, నవ్వు. మీ అక్క ఊపిరితిత్తులు అలా ఉన్నాయిరా.”

బావమరిది నవ్వు ఆగిపోయింది. లోపల కుర్చీలో శాలువా కప్పుకుని కూర్చున్న అక్క తల వంచుకుంది.

చలికాలం మొదట్లో దంపతులిద్దరూ పరీక్షలు చేయించుకున్నారు. ఫలితం వినవలసిన సమయానికి ఆయన ఆసుపత్రి వసారాలో, వరుస తప్పిన జనానికి క్రమశిక్షణ బోధిస్తూ ఉండిపోయారు. ఆవిడే లోపలికి వెళ్ళి వచ్చి, పక్కన కూర్చుని, “మీకేం ఫరవాలేదుట. నాకే...” అంది.

తన ఒంటి విషయంలో ఆయన పరమ విరాగి. మాత్ర చేతికిస్తే పూలకుండీకి నైవేద్యం పెట్టేవారు. అటువంటి మనిషి, భార్య ఊపిరి మాట వచ్చేసరికి యుద్ధం ప్రకటించారు. పొగ ఆవిడకు పడదని, కుర్రతనం నాటి సిగరెట్టును ఒక్క పూటలో విడిచారు. జబ్బులు మోసుకొస్తానేమోనని పేకాట క్లబ్బు మొహం చూడలేదు. సూదంటే భయమని ఆవిడ ముడుచుకుపోతే, ముందు తానే టీకా వేయించుకుని ధైర్యం చెప్పారు. శ్వాస వ్యాయామం ఒక్కదానికే విసుగంటే, పక్కన చతికిలబడి తానూ పీల్చి వదిలారు. మెట్లెక్కుతూ ఆవిడ “కాస్త ఆగుదామండీ” అనడమే తడవు, గోడకు చేరగిలబడి ఎంతసేపైనా ఆగారు.

కాపలా కాసీ కాసీ ఆయన ఒళ్ళు హూనమైంది. మధ్యాహ్నం ఆవిడ కునుకు తీస్తుంటే, ఎదురుగా కూర్చుని శాలువా లేచి పడడం చూసేవారు. అది మళ్ళీ లేచేదాకా తన ఊపిరి బిగబట్టేవారు. ఇది లేని ఇంట్లో నేను... అనుకునేవారు. ఆ వాక్యానికి క్రియ ఏనాడూ దొరకలేదు.

“ఏమిటండీ ఆ చూపు?”

“ఊపిరి తీస్తున్నావా లేదా అని.”

“మానేస్తే మీకు చెప్పే మానేస్తాలెండి.”

చలి వెనకబట్టాక ఇద్దరూ మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. ఆమె ఇద్దరి వీపుల మీదా గొట్టం పెట్టి విన్నది.

“నాదెందుకమ్మా, దండగ! ఆవిడ సంగతి చెప్పండి.”

“నిమ్ము చేరలేదు, జ్వరం రాలేదు. గండం గడిచినట్టే. ఎంత బాగా చూసుకున్నారండీ! ఇలాగే కానివ్వండి.”

ఆయన కళ్ళు చెమర్చాయి. దాన్ని దగ్గుతో కప్పిపుచ్చి, “నేను బండి పిలుస్తా. నువ్వు నిదానంగా రా, పరుగులు పెట్టకు” అని, దిగ్విజయం ముగించుకున్న చక్రవర్తిలా, గోడ పట్టుకుని బయటికి నడిచారు.

తలుపు మూసుకున్నాక డాక్టరమ్మ గొంతు తగ్గించింది. “ఇంకా చెప్పలేదా అమ్మా?”

“ఎలా చెప్పమంటారు?” ఆవిడ అలసటగా శాలువా మడిచి ఒళ్ళో పెట్టుకుంది. “నిజం తెలిసిన మరుక్షణం ఈ జాగ్రత్తలన్నీ గాలికొదిలేస్తారు.”

ఆ ముసలి ఊపిరితిత్తులు ఆయనవి.