మూడు చిల్లులు

లెమ్యుయెల్ ఇత్తడి గొట్టం చేశాడంటే మండావే ఊళ్ళో వేప్ అనే బ్యాటరీ సిగరెట్టు పీల్చే కుర్రాళ్ళకు పండగే.

బ్యాటరీ పట్టేంత గొట్టం, అడుగున నొక్కే బటన్, ఒళ్ళంతా చేపపొలుసుల నగిషీ. లేత్ మీద తిప్పడం నుంచి వరస నంబరు చెక్కడం దాకా అన్నీ అతని చేత్తోనే. ఒకటి అంకె వేస్తే కింద గాలంలా చిన్న తోక తిప్పేవాడు. మొట్టమొదటి గొట్టాన్ని ఓడలో అవతలి దీవిలోని ఓర్మోక్‌కి పంపాడు. కొన్నవాడి మొహం కూడా చూడలేదు.

"మూడేళ్ళయింది. ఒక్కటి పేలిందా? చెప్పండి, ఒక్కటి?" అనేవాడు వచ్చినవాళ్ళందరితో.

పేలిందని ఎవరూ చెప్పలేదు మరి.

ఓ మంగళవారం పొద్దున్నే ఒక ముసలాయన కొట్లోకి వచ్చాడు. కుడిచేతికి మూడే వేళ్ళు. గొట్టం తీసి నగిషీ చూడకుండా తిరగేసి, అడుగు విప్పాడు.

"బటన్ కింద ఈ తెల్ల బిళ్ళ దేంతో చేశావబ్బాయ్?"

"కూరగాయలు కోసే ప్లాస్టిక్ పలక. తిండి పెట్టుకునే సరుకు, ఇంతకన్నా మంచిదేముంటుంది?"

"కోతకి మంచిదే. వేడికి పనికిరాదు."

అంటూనే ఆ బిళ్ళ తీసుకెళ్ళి పక్కనున్న బెబింగ్ పూటకూళ్ళ కొట్లో కుతకుతలాడుతున్న ఎముకల పులుసులో వేశాడు.

"నా పులుసు!" బెబింగ్ గరిటె ఎత్తింది. "ఎవరయ్యా నువ్వు? నీ చెత్తంతా నా కుండలోనే దొరికిందా?"

"ఒక్క నిమిషమమ్మా, తీసేస్తా."

తీశాడు. బిళ్ళ మీద గోరు గట్టిగా నొక్కాడు. దిగింది.

"చూశావా? బటన్ కాగితే ఇది మెత్తబడుతుంది. నొక్కకుండానే కరెంటు పారుతుంది. బ్యాటరీ గ్యాసు కక్కుతుంది. అది పోవడానికి దారేదీ? నీ గొట్టానికి ఒక్క చిల్లు లేదు."

"చిల్లులు పెడితే నా నగిషీ ఏం కావాలి?"

"పొలుసుల చాటున పెట్టు. మూడు చాలు."

లెమ్యుయెల్‌కి చిర్రెత్తుకొచ్చింది.

"పెద్దాయనా, నాకు పని నేర్పే ముందు నీ వేళ్ళు లెక్కపెట్టుకో."

బెబింగ్ కిసుక్కున నవ్వింది. ముసలాయన కోపపడలేదు. చేతిని జేబులో దాచుకున్నాడు.

"నీది మంచి చెయ్యి" అని వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం, ఎవరి పొగ పెద్దదో కుర్రాళ్ళు పందెం వేసుకునే మైదానంలో మళ్ళీ కనిపించాడు. గొడుగు కింద, రేకుపెట్టె ముందు పెట్టుకుని. పేరు పొర్ఫిరియో అట. బ్యాటరీ తొడుగు చిరిగితే ఉచితంగా కొత్తది వేస్తాడట.

నా పేరు చెడగొట్టడానికే దాపురించాడనుకున్నాడు లెమ్యుయెల్. పందెం పెట్టేవాళ్ళకి చెప్పి గెంటించాడు.

పై ఆదివారానికి రోడ్డు అవతల, అరటిపళ్ళు కాల్చి అమ్మే బండి పక్కన అదే గొడుగు లేచింది.

"ఎండకి తనే పోతాడులే" అనుకున్నాడు.

ఏడాది తిరిగాక గొడుగు నిజంగానే కనిపించకుండా పోయింది. లెమ్యుయెల్ పట్టించుకోలేదు. చేతినిండా పని, ఊరినిండా పేరు.

ఓ రోజు ఆర్నెల్ అనే కుర్రాడు పరుగున వచ్చి అతన్ని వాటేసుకున్నాడు.

"అన్నా! నీ గొట్టం నా చెయ్యి కాపాడింది!"

"ఏమైందిరా?"

"పాడు బ్యాటరీ వేసుకున్నా, తప్పు నాదే. చేతిలో ఉండగానే బుస్సుమంది. గ్యాసంతా చిల్లుల్లోంచి పోయింది. చొక్కా కాలిందనుకో, వేళ్ళు చూడు, ఐదుకి ఐదూ ఉన్నాయి!"

"ఏ చిల్లులు?"

గొట్టం లాక్కుని చూశాడు. పొలుసుల చాటున, నగిషీ చెక్కుచెదరకుండా, మూడు చిన్న చిల్లులు. అడుగు విప్పాడు. తెల్ల బిళ్ళ లేదు. గోధుమరంగు బిళ్ళ ఉంది. ఇంత జరిగినా దాని అంచు కూడా వంగలేదు.

"ఇవెవరు పెట్టార్రా?"

"అదేంటన్నా, నీ మనిషే కదా! గొడుగు తాత. 'చేసినవాడు తొందరలో మర్చిపోయాడు, సరిచేసి రమ్మని నన్ను పంపాడు' అన్నాడు. మా వాళ్ళందరి గొట్టాలూ ఆయనే సరిచేశాడు."

లెమ్యుయెల్ సిగ్గుతో చితికిపోయాడు. ఒక్కటీ పేలలేదని ఇన్నాళ్ళూ రొమ్ము విరుచుకుని చెప్పుకున్న గొప్ప తనది కాదు.

అరటిపళ్ళ బండివాణ్ణి అడిగి, రేవు పక్క సందులో ఇల్లు పట్టుకున్నాడు. తలుపు తీసినావిడ నల్లబట్టల్లో ఉంది.

"ఆయన పోయిన నలభయ్యో రోజు ప్రార్థన నిన్ననే చేయించాం బాబూ. నువ్వు లెమ్యుయెల్‌వేనా?"

"నేను మీకెలా తెలుసు?"

"మంచి చెయ్యి ఉన్నవాడు, ఆలస్యంగానైనా వస్తాడు, వస్తే ఇమ్మన్నాడు."

రేకుపెట్టె తెచ్చి చేతిలో పెట్టింది.

"మిల్లులో ముప్పయ్యేళ్ళు లేత్ మీద పనిచేశాడు. హాయిగా ఇంటిపట్టున ఉండక, ఈ ఒక్క పనికోసం ఓర్మోక్ నుంచి ఓడెక్కించి తెచ్చాడు నన్ను. కేసు పెట్టమని నేను పోరాను. పెడితే కొట్టు మూస్తాడు, గొట్టాలు మాత్రం కుర్రాళ్ళ చేతుల్లోనే ఉంటాయన్నాడు."

"కేసా? ఎవరి మీదమ్మా?"

ఆవిడ పెట్టెకేసి చూపించింది. లెమ్యుయెల్ మూత తీశాడు. పైన గోధుమరంగు బిళ్ళలు, చేత్తో తిప్పే చిన్న డ్రిల్లు. వాటి కింద చేతిరుమాల్లో చుట్టి, నిలువునా చీలిపోయిన ఒక ఇత్తడి గొట్టం.

దాని అంచున, గాలంలా తోక తిప్పిన ఒకటి అంకె.