డెబ్బై ఎనిమిది గుర్రాలు

"నా బండికి ఇంకో పదిహేను గుర్రాల బలం కావాలి. జేబులో నాలుగు వందల డాలర్లే ఉన్నాయి. రెండూ కుదురుతాయా?" అన్నాడు కోల్బీ.

మెకానిక్ మైలో కూబిచెక్ తన కొట్టులోకి వచ్చిన ఆ బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. పదకొండు వందల సీసీ పాత క్రూయిజర్ మోటార్ సైకిల్. బారుగా ఉంది, సీటు వెడల్పు, కాళ్లు ముందుకు చాపుకుని కూర్చునే రకం. దాని వయసు కుర్రాడి వయసుకంటే నాలుగేళ్లు ఎక్కువ.

"అంత బలం ఎందుకోయ్? మొక్కజొన్న చేలు దున్నిస్తావా?"

"ఆగస్టులో నలుగురం కొండలకి వెళ్తున్నాం. మిగతా ముగ్గురివీ కొత్త బండ్లు. 'మేం పైకెక్కి, కాఫీ తాగి, ఒక కునుకు తీసి లేచేసరికి నువ్వు వస్తావులే' అంటున్నారు. నెల రోజులుగా ఇదే పాట."

కౌంటర్ దగ్గర మైలో భార్య వెర్నా నవ్వి, ఆలూబుఖారా పెట్టి కాల్చిన కొలాచీ రొట్టెల పళ్లెం ముందుకు జరిపింది. "తిను బాబూ. ముందు నీకు బలం రావాలి."

కోల్బీ చూపు గోడ మీదికి పోయింది. అక్కడ అద్దం కట్టించిన కాగితం ఒకటి వేలాడుతోంది. సరిగ్గా ఇలాంటి బండినే రోలర్ల యంత్రం మీదికి ఎక్కించి బలం కొలిచిన కాగితం. పైకి లేచిన గీత కొసన రాసి ఉంది: డెబ్బై ఎనిమిది గుర్రాలు.

నెబ్రాస్కాలో ఆ చుట్టుపక్కల పాత క్రూయిజర్ ఉన్న ప్రతివాడూ ఆ కాగితం సంగతి విన్నవాడే. మైలో ఏనాడూ పేపర్లో ప్రకటన వేయించలేదు. ఆ అవసరమే రాలేదు.

"అది మీరు చేసిందేనా?"

"నేనే."

"నాదీ అలాగే చేయండి."

"నీకు ఎంత కావాలో అంత చేస్తాను" అన్నాడు మైలో.

మూడు వందల ఇరవైకి ఒప్పుకున్నాడు. పక్క ఊళ్లో ఇదే పనికి వెయ్యికి తక్కువ అడగరు. వ్యాపారం తెలిసినవాడైతే అక్కడే ఒక నిమిషం ఆగుతాడు. మరీ చౌకగా ఇచ్చేవాడు సరుకులోనైనా కోత పెట్టాలి, లాభంలోనైనా పెట్టాలి. ఇరవై రెండేళ్లవాడికి ఆ లెక్క తట్టలేదు.

వారానికి బండి తయారైంది. కొత్త సైలెన్సర్లు. గాలి ఎక్కువ పీల్చే ఫిల్టర్. కాస్త తిప్పితే చాలు, బండి ముందుకు దూకినట్టనిపించే యాక్సిలరేటర్ పిడి. స్టార్ట్ చేస్తే కొట్టు కిటికీలు గడగడలాడాయి. కోల్బీ ధాన్యం గోదాముల దాకా వెళ్లి తిరిగొచ్చాడు.

"గుర్రాలు కాదు, ఏనుగుల్ని పెట్టారు పెద్దాయనా!"

మైలో తల ఊపాడు. కుర్రాడు వెళ్లిపోయాక కూడా, ఆ చప్పుడు పూర్తిగా వినబడకుండా పోయేదాకా వాకిట్లోనే నిలబడ్డాడు.

ఆగస్టు ఆఖరి శనివారం కొట్టు నిండా జనం. కోల్బీ లోపలికి వచ్చి గోరంత ఇత్తడి ముక్కని కౌంటర్ మీదికి విసిరాడు.

"కొండ సగం ఎక్కకుండానే ముగ్గురూ కనుమరుగయ్యారు. నీ ఏనుగులు మోకాళ్ల మీద నడిచాయి!" ఇప్పుడు గౌరవం పోయింది. జేబులోంచి రెండు కాగితాలు తీసి పరిచాడు. "నీ దగ్గరికి రాకముందు కొలిపిస్తే యాభై ఎనిమిది. నీ చెయ్యి పడ్డాక యాభై ఒకటి. ఈ ముక్క కార్బ్యురేటర్లో దొరికింది. యాక్సిలరేటర్ ఎంత తిప్పినా పూర్తిగా తెరుచుకోకుండా అడ్డం పెట్టావు. చప్పుడు అమ్మి బలం కాజేశావు."

చుట్టూ ఉన్నవాళ్లు ఆ కాగితాల మీదికి వంగారు.

గడ్డం ఉన్న పెద్దమనిషి ఒకడు మెల్లగా అడిగాడు. "మైలో, నాదీ విప్పి చూసుకోవాలా?"

మైలో అతని కళ్లలోకి చూడలేదు. "చూసుకో" అన్నాడు.

ఒకరి తర్వాత ఒకరు తాళంచెవులు తీసుకుని బయటికి నడిచారు. పదకొండేళ్లుగా నిలబెట్టుకున్న పేరు పది నిమిషాల్లో గుమ్మం దాటిపోయింది. ఇక శనివారాలు ఇలా ఉండవని మైలోకి తెలుసు. సొరుగు తెరిచి మూడు వందల ఇరవై డాలర్లు కుర్రాడి ముందు పెట్టాడు.

"ఆ ముక్క నాకిచ్చెయ్."

"ఎందుకు? ఇంకొకడికి పెట్టడానికా?"

"అవును."

కోల్బీ ఆ ముక్కని గుప్పిట్లోకి తీసుకున్నాడు. దొంగతనం చేసి పట్టుబడ్డవాడు ఇలా మాట్లాడగా అతను ఎక్కడా చూడలేదు.

"చెప్పు మైలో. పోనీ, ఇతనికొక్కడికైనా చెప్పు" అంది వెర్నా.

"చెప్పడానికేముంది? అతని లెక్క సరిగానే ఉంది. ఏడు తగ్గింది."

కోల్బీ గోడ వైపు వేలు చూపించాడు. "మరి అదీ దొంగ కాగితమేనా? అసలు నీకు ఇంజన్ బలం పెంచడం వచ్చా?"

"వచ్చు. అది నిజమే" అన్నాడు మైలో. "ఒక్క బండికి చేశాను. నాకు తెలిసిన పనంతా దానికే పెట్టాను. దాని తర్వాత ఎవరికీ చేయలేదు."

"అబ్బో! ఎవడా అదృష్టవంతుడు?"

మైలో గుడ్డ తీసుకుని శుభ్రంగా ఉన్న చేతులనే తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఎంతకీ ఆపలేదు.

వెర్నా స్టూలెక్కి కాగితాన్ని గోడ మీంచి దింపింది. అద్దం మీది దుమ్ము చేత్తో తుడిచి, కోల్బీ ముందు పెట్టి, కింద మూల ఉన్న తేదీ మీద వేలు ఆనించింది.

"మా అబ్బాయి సమాధి రాయి మీద చివర చెక్కించిందీ ఈ తేదీనే, బాబూ."