సోమవారం దాకా

"గడియారాన్ని మేనేజర్ గారు పిలుస్తున్నారు!"

ఆ కేక వినగానే అతను చేతిలోని సీసా పక్కన పెట్టి లేచాడు. మందు సీసాలకు లేబుళ్లు అంటించే ఆ కంపెనీలో పన్నెండేళ్లుగా ఒక్కనాడూ ఆలస్యంగా రాని మనిషి అతనొక్కడే. ఆ ముద్దుపేరు అందుకే వచ్చింది.

అలాంటిది ఈ వారం ఏమైందో ఏమో, గడియారం గతి తప్పింది. రెండుసార్లు ఆలస్యంగా వచ్చాడు. నిన్నయితే మరీ ఘోరం. పెట్టెడు సీసాలకు లేబుళ్లు తలకిందులుగా అంటించేశాడు. పక్క మిషన్ వాళ్లు నోరెళ్లబెట్టారు. "ఇంట్లో దిగులు, పాపం" అని వాళ్లే సర్దిచెప్పుకున్నారు.

దిగులు మాట నిజమే. ఏడేళ్ల కూతురి గుండెకు చిల్లు. సోమవారం ఆపరేషన్. పేదవాళ్లకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య కార్డు ఉంది కాబట్టి పైసా కట్టక్కర్లేదు. అదే లేకపోతే ఇల్లు అమ్మినా చాలదు. ఆ ఇల్లు కూడా అద్దెదే!

ఆస్పత్రి కౌంటర్లో అమ్మాయి ముందే హెచ్చరించింది. "ఆపరేషన్ రోజున కార్డు చెల్లుబాటులో ఉండాలండీ. ఈలోగా మీ ఉద్యోగంలో ఏ మార్పొచ్చినా కంప్యూటర్ పట్టేస్తుంది."

పొద్దున బయల్దేరుతుంటే భార్య చెయ్యి పట్టుకుంది. "సోమవారం దాకా ఎలాగోలా నెట్టుకురండి. ఆ తర్వాత ఏమైనా కానీండి."

పోయిన నెల ఇలాగే పిలుపొస్తే, జిగురు మిషన్ దగ్గర పనిచేసే అతను సంచి సర్దుకుని గేటు దాటాడు. మళ్లీ కనబడలేదు. అది గుర్తొచ్చి అందరూ గడియారం వంకే చూశారు.

"కూర్చోవయ్యా" అన్నాడు మేనేజర్.

కూర్చోలేదు. బల్ల మీద కవరు. దాని మీద తన పేరు.

"నిన్నటి లేబుళ్లు చూశారు కదా సార్..."

"చూశాను. దానికీ దీనికీ సంబంధం లేదు. పైవాళ్లు ముందే నిర్ణయించేశారు."

"మా పాప సంగతి మీకు తెలుసు కదా సార్."

"తెలుసు. వాళ్లకి చెప్పింది కూడా నేనే. నా చేతనైనంతా చేశాను."

"సోమవారం దాకా ఆపండి సార్! మీ కాళ్లు పట్టుకుంటాను."

మేనేజర్ బిత్తరపోయాడు. "ఇదేంటయ్యా! ఒకటో తేదీ నుంచే అమల్లోకి వచ్చేసింది. పొద్దునే కంప్యూటర్లో ఎక్కించేశారు కూడా. ఇప్పుడు ఆపమంటే ఎవరు ఆపుతారు?"

కవరు తీసుకున్నాడు. విప్పలేదు. లోపల ఏముందో విప్పకుండానే తెలుసు. వరండాలో నిలబడి భార్యకు ఫోన్ చేశాడు.

"అయిపోయిందే. ఇచ్చేశారు."

"అయ్యో దేవుడా! ఇప్పుడు పాప గతేంటండీ?"

ఆమె ఏడుపు వినలేక ఫోన్ పెట్టేశాడు. కళ్లు తుడుచుకుని లోపలికి అడుగుపెట్టాడు. మిషన్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. అందరూ లేచి నిలబడ్డారు. వాళ్ల మొహాల్లోకి చూసే ధైర్యం లేక తల దించుకున్నాడు.

ఒక్కసారిగా చప్పట్లు మోగాయి. ఎంత ఆలస్యంగా వచ్చినా, ఎన్ని లేబుళ్లు తలకిందులుగా అంటించినా, జీతాన్ని కార్డు పరిమితి దాటించేసే ఆ సూపర్‌వైజర్ పదవిని అతను తప్పించుకోలేకపోయాడు.