మగాడి నడక

“మళ్ళీ నడువు. ఆ నడుము ఎక్కడికి పోతోంది? దాన్ని ఇంట్లో పెట్టి రా,” అంది నరెల్.

ఆవిడ పనిచేసే మోడళ్ళ ఏజెన్సీ వరండాలో డెక్లన్ ఆ చివరికి వెళ్ళి మళ్ళీ వచ్చాడు. ఈసారి భుజాలు బరువుగా వేసుకుని, అడుగులు ఎడంగా వేస్తూ వచ్చాడు.

“హమ్మయ్య. ఎవర్ని చూసి నేర్చుకున్నావ్?”

“విలిని చూసి.”

నరెల్ నవ్వలేదు. విలి అంటే విలియామి, డెక్లన్‌తో కలిసి బతుకుతున్నవాడు. పసిఫిక్ దీవుల్లోని టోంగా మనిషి. సిడ్నీలో లేస్తున్న భవనాలకి ఇనప పరంజాలు కడతాడు. వాళ్ళిద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకున్న ఫోటో ఒకటి కిందటేడు బయటికి పొక్కింది. అప్పట్నించి మోడల్‌గా డెక్లన్‌కి సూట్ల పని రాలేదు, వాచీల పని రాలేదు, ఆఖరికి గడ్డం గీసుకునే క్రీము పని కూడా రాలేదు.

ఈ వ్యాపారం సంగతే అంత. బట్ట కుట్టించేవాడు గే కావచ్చు, ఫోటో తీసేవాడు కావచ్చు, జుట్టు దువ్వేవాడు కావచ్చు. వాళ్ళని నెత్తిన పెట్టుకుంటారు. ఆ బట్ట తొడుక్కుని నిలబడేవాడు మాత్రం కాకూడదు. కొనేవాడి కళ్ళకి వాడు మగాడిలా ఆనాలట. అందుకని మనిషిని గొంతు నుంచి మడమల దాకా ఇస్త్రీ చేసి పంపిస్తారు.

“చూడు నాయనా,” అంది నరెల్. “ఈ పని కూడా పోతే ఏజెన్సీ గోడ మీంచి నీ ఫోటో తీసేసి నిన్ను వదిలెయ్యమన్నారు పైవాళ్ళు. నేనాపలేను. ఈ యాడ్ తీసే ట్రెంట్ ఊరికి కొత్త, ఆ ఫోటో చూడలేదు. అతని దగ్గర విలి పేరెత్తకు.”

“ఈ యాడ్ దేనికో అదైనా చెప్పండి.”

“నాకు తెలిస్తే కదా. షూటింగ్ రోజుదాకా ఎవరికీ చెప్పరు. వేరే కంపెనీ వాడు ఐడియా ఎత్తుకుపోతాడని వీళ్ళ భయం. కుటుంబం, ప్రేమ అన్నారు. అంతే.”

ఆ పొద్దున విలి బూట్ల తాళ్ళు కట్టుకుంటూ ఒక్క మాటే అన్నాడు. “నీ గురించి నువ్వేం దాచుకుంటావో నీ ఇష్టం, డెక్. నన్ను మాత్రం లేకుండా చెయ్యకు. నీ కోసం మన సంగతి మా అమ్మకి చెప్పాను. ఇప్పుడు చర్చిలో ఆవిడ పక్కన ఎవరూ కూర్చోవట్లేదు.”

“చెయ్యన్లే,” అన్నాడు డెక్లన్.

యాడ్ తీస్తూ మోడళ్ళని కూడా తనే ఎంపిక చేసే ట్రెంట్ చెడ్డవాడేం కాదు. మర్యాదగా కూర్చోబెట్టాడు, మంచినీళ్ళిచ్చాడు.

“నడక బాగుంది. నీ ముందొచ్చినవాణ్ణి చూశావా, చేతులు ఊపుకుంటూ? మంచివాడే పాపం. నాకు వాళ్ళంటే ఏం లేదు, నా స్నేహితుల్లో సగంమంది వాళ్ళే. కానీ ఈ యాడ్ ప్రతి ఇంట్లో టీవీలో పడుతుంది. పిల్లల తండ్రులు మొహం తిప్పుకున్నారంటే మునిగిపోతాం. నాకు మామూలు మగాడు కావాలి. నీకు పెళ్ళయిందా?”

“లేదు.”

“గర్ల్‌ఫ్రెండ్?”

“ఉండేది. పోయిన్నెల్లోనే విడిపోయాం.”

అబద్ధం నోట్లోంచి నున్నగా జారింది. దానికి డెక్లనే బిత్తరపోయాడు.

అప్పుడే తలుపు తోసుకుని విలి వచ్చాడు. బూట్ల నిండా సిమెంటు దుమ్ము. పక్క వీధిలోనే వాళ్ళ పరంజా లేస్తోంది. చేతిలో కాగితం సంచి, అందులో వేడివేడి మీట్ పై, మాంసం కూరి కాల్చిన రొట్టె.

“పొద్దున్నించీ ఏం తినలేదుగా,” అన్నాడు.

ట్రెంట్ కుర్చీలోంచి ముందుకి వంగాడు. “చూశావా డెక్లన్, మగాడంటే ఇదీ. ఆ నడక చూడు. ఎవరు బాబూ నువ్వు?”

విలి డెక్లన్ వంక చూశాడు. చెప్పమన్నట్టు కాదు. ఏం చెప్తాడోనని.

“మా ఇంట్లో ఒక గదిలో అద్దెకుంటాడు,” అన్నాడు డెక్లన్. “అంతే.”

విలి సంచి బల్ల మీద పెట్టాడు.

“అవునండీ, అద్దెకే. ఖాళీ చేసేస్తున్నా.” డెక్లన్ వైపు తిరిగాడు. “వేడిగా ఉంది. ఊదుకుని తిను.”

అదే నడకతో వెళ్ళిపోయాడు.

“మీవాడు ఫోటోలకి వస్తాడేమో అడక్కూడదూ?” అన్నాడు ట్రెంట్.

“రాడు.”

పని డెక్లన్‌కే వచ్చింది. నరెల్ ఫోన్లో సంతోషం పట్టలేక ఏడ్చినంత పని చేసింది. డెక్లన్ ఇంటికి పరిగెత్తాడు. గుమ్మంలో బూట్లు లేవు. ఫోన్ చేస్తే విలి తల్లి ఎత్తింది.

“వాడు మాట్లాడనన్నాడు బాబూ. వాడి కోసం నేను చర్చిలో నావాళ్ళందర్నీ వదులుకున్నాను. వాడి కోసం నువ్వు ఒక్క పని వదులుకోలేకపోయావా?”

డెక్లన్ ఫోన్ పెట్టేశాడు. ఏడవడానికి వీల్లేదు. కళ్ళు ఉబ్బితే ఇంకో మోడల్‌ని పిలుస్తారు.

షూటింగ్ రోజు స్టూడియోలో వంటింటి సెట్ వేశారు. ఫ్రిజ్ మీద పిల్లల బొమ్మలు, బల్ల మీద గుడ్లు, రొట్టెలు, రెండు కాఫీ కప్పులు. బట్టలు చూసుకునే అమ్మాయి నీలం చొక్కా తొడిగి, వేలికి పెళ్ళి ఉంగరం పెట్టింది. భార్య వేషానికి ఎవరొస్తారా అని డెక్లన్ గుమ్మం వైపే చూస్తున్నాడు. లోపలికి బ్రెట్ అనే మోడల్ వచ్చాడు. పొడుగ్గా ఉన్నాడు, చూయింగ్ గమ్ నములుతున్నాడు. రాగానే ఫోన్ తీసి పెళ్ళాన్నీ చంటిదాన్నీ చూపించాడు.

“నీకెందరు పిల్లలు బ్రదర్?”

“ఎవరూ లేరు.”

తమ్ముడి వేషమో, పక్కింటాయన వేషమో అనుకుని డెక్లన్ కాస్త పక్కకి తప్పుకున్నాడు.

“అందరూ వినండి,” అన్నాడు ట్రెంట్ కెమెరా వెనకనించి. “ఇవాళ మనం చేస్తున్న పనికి చాలా గుండె కావాలి. రేపు జనం లేచి నిలబడి చప్పట్లు కొడతారు.”

దీపాలు వెలిగాయి. బ్రెట్ గమ్ ఉమ్మేసి, నవ్వాపుకుంటూ వచ్చి బల్ల దగ్గర నిలబడ్డాడు.

“అంత దూరమేంటి డెక్లన్,” అన్నాడు ట్రెంట్. “అతను నీ భర్త.”