దుబాసీ చేసిన మేలు

“మా శీతల గిడ్డంగిలో రెండు వేల టన్నుల చేప నిలవ ఉందని చెప్పవయ్యా,” అన్నాడు చైర్మన్, కుర్చీలో వెనక్కి వాలుతూ.

దుబాసీ గొంతు సవరించుకుని ఎదురుగా కూర్చున్న పరదేశి వైపు తిరిగాడు. ముఖాన నవ్వు చెదరకుండా, ఆయన భాషలో అన్నాడు: “అయ్యా, ఇక్కడ చేప కాదు కదా, చేప పొలుసు కూడా లేదు. సంతకం పెట్టకండి.”

అనేశాక చైర్మన్ కళ్లలోకి చూడకుండా బల్ల మీది కాగితాలు సర్దాడు.

అంత మొనగాడేం కాదు. బల్లిని తోలడానికి పెళ్లాన్ని కేకేసే రకం. ఎనిమిది నెలలుగా పనిలేదు. ఈ బేరం కుదిరితే నెలజీతం మీద ఉద్యోగం, కిటికీ పక్కన బల్ల ఇస్తానన్నాడు చైర్మన్. అందుకే పొద్దున బయల్దేరేముందు భార్య నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది.

“మీ నోట్లో నువ్వుగింజ నానదు మహానుభావా! ఈ గట్టున విన్నది ఆ గట్టుకి దాటించండి, చాలు. మధ్యలో సొంత కవిత్వం కలపకండి.”

సరేనన్నాడు. కానీ గంట ముందే వచ్చి, మంచినీళ్లు వెతుక్కుంటూ పెరటివైపు వెళ్లడమే పొరపాటైంది. చేపల్ని గడ్డకట్టించే గది తలుపు తోస్తే లోపల కుంపటిలా ఉంది. మూల గోనెసంచి మీద పిల్లి ఈనింది. యంత్రాల హోరంతా గోడకి తగిలించిన స్పీకరులోంచి వస్తోంది. తెల్లకోట్ల పనివాళ్లు కోట్లకున్న ధర చీటీలు ఇంకా తెంపుకుంటున్నారు. పక్కన బల్ల మీద కొత్త ప్రభుత్వ ముద్ర, దాని కింద సందు చివరి స్టాంపుల కొట్టు రసీదు.

అయినా మింగేసేవాడే. గుటక వేయడం అతనికి కొత్త కాదు. కానీ గిడ్డంగిని బయటినుంచే చూసి వస్తూ పరదేశి మెల్లగా అన్నాడు: “ఇది నాదీ, మా అక్కదీ జీవితకాలపు సంపాదన. ఇల్లు కూడా అమ్మేశాం.”

అక్కడ ఊడింది నోటికి వేసిన ముడి.

“ఏమంటాడేమిటి?” అడిగాడు చైర్మన్.

నిజానికి పరదేశి అడిగింది, “ఇంకా ఏమేం చూశారు?” అని.

“ఇంత గొప్ప గిడ్డంగి వాళ్ల దేశంలోనే లేదంటున్నారండీ. ఇంకా వివరంగా చెప్పమంటున్నారు.”

“మూడేళ్లలో సొమ్ము రెట్టింపు అను. ప్రభుత్వ హామీ ఉందను.”

దుబాసీ అందుకున్నాడు. “అయ్యా, రెట్టింపు అన్నవాడు కనబడితే చెప్పులు చేతపట్టుకుని పరుగెత్తాలి. ఆ హామీ కాగితం మీది ముద్ర సందు చివర స్టాంపుల కొట్లో చేయించింది. ఈ స్థలం ఎవరిదో రిజిస్ట్రారు ఆఫీసుకెళ్లి మీరే అడగండి. వీళ్లు చూపించే లాయరును కాదు, మీ సొంత లాయరును పెట్టుకోండి. ఈ రోజే సంతకం అని తొందరపెడితే కడుపునొప్పని లేచిపోండి.”

చైర్మన్ కనుబొమలు ముడిపడ్డాయి. “నేను చెప్పింది జానెడు. నువ్వు చెప్పింది బారెడు. ఏంటయ్యా సంగతి?”

“వాళ్ల భాష అంతేనండీ. కాస్త సాగుతుంది.”

పరదేశి ముఖంలో కంగారు లేదు, చుక్క చెమట లేదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి అన్నీ రాసుకున్నాడు. ఇల్లమ్ముకున్న మనిషికి ఎంత నిబ్బరం! తనైతే ఈపాటికి బల్ల కింద దూరేవాడు.

ఉద్యోగం గంగలో కలిసింది, సరే. అయినా చొక్కా ఛాతీ దగ్గర కాస్త బిగువైనట్టనిపించింది దుబాసీకి. ఎవరో ముక్కూముఖం తెలియని అక్కగారి సొమ్ము నిలబడింది. ఇంట్లో చీపురుకట్ట లేచినా ఈ సంగతి చెప్పాల్సిందే. ముందు సొమ్ము సంగతి చెప్పాలా, ముందు ఉద్యోగం సంగతి చెప్పాలా అన్నదే తేలడం లేదు.

పరదేశి పుస్తకం మూశాడు. లేచి వచ్చి దుబాసీ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని ఆప్యాయంగా ఊపాడు. దుబాసీ కళ్లు చెమ్మగిల్లాయి.

అప్పుడు పరదేశి చైర్మన్ వైపు తిరిగి, ఒక్క అక్షరం తడబడకుండా మన భాషలో అన్నాడు: “వీడు పనికిరాడు బావా, రేపు అసలు పార్టీ విమానం దిగేలోపు నోరు కట్టుకునేవాణ్ణి ఇంకొకణ్ణి చూడు.”