పదకొండో మొక్క

రిటైరైనా ఫ్యాక్టరీ పర్సనల్ మేనేజరుకి పాత అలవాటు పోలేదు. పెరట్లో కలుపు తీయించడానికి కూడా కాగితం మీద వరసగా అంకెలు వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు.

"పనికొచ్చేవి ఉంచు. దండగమారివి పీకెయ్," అన్నాడు కొత్త తోటమాలితో.

"దీని పువ్వులకి తేనెటీగలొస్తాయండి."

"ఉంచు."

"దీనికన్నీ ముళ్లేనండి."

"పీకెయ్."

పదకొండో మొక్క దగ్గర తోటమాలి ఆగాడు. "ఇది దేనికీ పనికిరాదండి. ఊరికే ఉంది."

మేనేజరు కళ్లజోడు తీసి చూశాడు.

"వేళ్లూనుకుంది, పాపం. ఇప్పుడు పీకితే ఎక్కడ బతుకుతుంది? ఉండనీ."

తోటమాలి కొడవలి కింద పెట్టాడు.

"ఈ మాట ఫ్యాక్టరీలో మమ్మల్ని తీసేసిన రోజున అనుంటే బాగుండేది సార్. అప్పటి మీ కాగితంలో పదకొండోవాణ్ణి నేనే."

మేనేజరు కళ్లజోడు పెట్టుకున్నాడు.

"పన్నెండోది చూపించు."