ఇష్టం మీట

స్కిజోఫ్రీనియా ఉన్న సన్యాసిరావుకు చెవి వెనక మెదడును సరిచేసే బిళ్ల అతికించాక, బస్సు నంబర్లలో రహస్య సందేశాలు కనబడడం ఆగిపోయింది. దాంతోపాటు దేనిమీదా ఆశ లేకుండా పోయింది. అందుకే అక్క పైడితల్లి, ఆ వీధిలో బిళ్లలున్న చాలామంది ఇళ్లలోలాగే, స్నానానికీ తిండికీ ముందు బిళ్లను నడిపే ఫోన్లో అతని ఇష్టం మీట పెంచేది.

ఒక మధ్యాహ్నం ఆనపకాయ పులుసు తింటూ అతను అడిగాడు.

"అక్కా, ఇది నాకు నచ్చిందా, నువ్వు నచ్చేలా చేసినావా?"

ఆమె నోట అబద్ధం రాలేదు. "నేనే చేసినాన్రా."

"ఓపాలి ఆపీసి సూడు."

ఆపితే తిండి ముట్టడేమోనని ఆమెకు భయం. అయినా మీటను సున్నాకి దించింది.

సన్యాసిరావు చాలాసేపు కంచంలోకి చూశాడు. తర్వాత ఒక ముద్ద తిని ముఖం చిట్లించాడు.

"పులుపెక్కువైపోనాది."

బిళ్ల పెట్టిన నాలుగేళ్లలో అతను వంటకు వంక పెట్టడం అదే మొదటిసారి. పైడితల్లి ఇంకొంచెం అన్నం వడ్డించింది.